మా అమ్మ తిట్ల మీద కంపెనీ హక్కు

నేను పనిచేసే కంపెనీ పెద్దదేమీ కాదు. హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, గోదావరిఖనిలో ఒక రేకుల షెడ్డు, షెడ్డును ఆనుకుని చిన్న డాబా ఆఫీసు. గనుల్లో బొగ్గును మోసుకెళ్లే బెల్టుల పక్కన ఉండే సెన్సార్లు పాడైతే మా దగ్గరికి వస్తాయి. బెల్టు పక్కకు జరిగినా, ఎక్కడైనా వేడెక్కినా ముందే పసిగట్టి చెప్పే చిన్న పెట్టెలవి. వాటి మూత విప్పగానే దోసెడు బొగ్గు పొడి రాలుతుంది. ఆ తర్వాతే రోగం కనిపిస్తుంది. ఆ రోగం కుదర్చడం నా పని.

ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, కొన్నాళ్లు పెద్దపల్లిలో ఒక సెల్‌ఫోన్ రిపేరు దుకాణంలో కూర్చుని, ఆ తర్వాత ఈ ఉద్యోగంలో చేరాను. చేరిన రోజు మేనేజర్ సార్ నా ముందు కాగితాల కట్ట పెట్టారు. అంతా ఇంగ్లీషు. ప్రతి పేజీ కింద సంతకం చేయాలి. కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఎండాకాలంలో రామగుండం వైపు ఫ్యాను ఆగిన గదిలో కూర్చున్నవాళ్లెవరూ చదవడానికి కూర్చోరు, బయటపడటానికి కూర్చుంటారు.

"ఏముంది సార్ ఇందులో?" అని అడిగాను.

"అన్నీ మామూలు షరతులేనమ్మా. అందరికీ ఇవే" అన్నారాయన, ఒక ఫైలుతో విసురుకుంటూ.

నేను చకచకా సంతకాలు పెట్టి బయటికొచ్చాను. అందులో ఏం రాసి ఉందో తెలియడానికి కోతులు రావాల్సి వచ్చింది.

మా ఇల్లు కాలనీ చివర ఉంటుంది. డాబా ఎక్కితే గనుల నుంచి తవ్వి పోసిన మట్టి గుట్టలు కనిపిస్తాయి. ఆ గుట్టలున్న చోట ఒకప్పుడు అడవి ఉండేదట. అడవి పోయాక అందులోని కోతులు ఏం చేస్తాయి? మా వీధికొచ్చాయి. రావడమే కాదు, మాకన్నా ముందు నుంచీ అక్కడే ఉన్నట్టు ప్రవర్తించేవి. వాటిలో చెవి సగం తెగిన పెద్ద కోతి ఒకటి ఉండేది. అది పిట్టగోడ మీద కూర్చుని వీధిలోకి చూసే తీరు, డ్యూటీ దిగి వస్తున్న వాళ్లను లెక్కపెట్టే సూపర్‌వైజర్ చూపులా ఉండేది.

మా అమ్మకు డాబా అంటే పొలంతో సమానం. ఎండ ముదిరిందంటే చాలు, పాత చీరలు పరిచి వడియాలు, చల్ల మిరపకాయలు, మామిడి ఒరుగులు ఆరబెడుతుంది. పైన బొగ్గు దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కప్పుతుంది. బొగ్గు దుమ్మును ఆపే గుడ్డ కోతుల్ని ఆపదు కదా. అవి ఆ గుడ్డను రెండు చేతులతో పక్కకు జరిపి, తమకోసం వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నంత నింపాదిగా కూర్చునేవి. వడియాలు తినేవి. మిరపకాయలు మాత్రం కొరికి, తుపుక్కున ఊసి, కిందికి విసిరేసేవి.

"తింటే తినని, గా మిరపకాయలు ఎందుకు ఖరాబు జేసుడు?" అని అమ్మ బాధ.

అమ్మ వాటికి భయపడేది కాదు. కట్టె పట్టుకుని మెట్లెక్కుతూనే మొదలుపెట్టేది. ఆ గొంతు వినగానే కోతులు గోడలు దూకేవి. అయితే ఆమె కిందికి దిగగానే మళ్లీ వచ్చేవి. అలా ఎక్కీ దిగీ అమ్మకు మోకాళ్లు నొప్పి పట్టాయి. మా నాన్నను కాపలా పెడదామంటే, ఆయన బాయిలో డ్రిల్లు మిషన్ల పక్కన ఉద్యోగమంతా గడిపి రిటైరైన మనిషి. బాయి అంటే మా వైపు బొగ్గు గనే. చెవులు బాగా మందగించాయి. నాన్న డాబా మీద మంచం వేసుకుని పడుకుని ఉంటే, కోతులు మంచం కింద నుంచి వెళ్లి వడియాలు తెచ్చుకునేవి.

ఒక ఆదివారం కూర్చుని నేనొక పెట్టె చేశాను. ఏదైనా కదిలితే కనిపెట్టే చిన్న సెన్సారు, ఒక స్పీకరు, ఒక మెమరీ కార్డు. సామాను కరీంనగర్ నుంచి నేనే తెచ్చుకున్నాను. పెట్టె ముందు ఏదైనా కదలగానే పులి గాండ్రింపు వినిపించాలి. మొదటి గాండ్రింపుకు కోతులు ఉలిక్కిపడ్డాయి. తర్వాత మెల్లగా దగ్గరికొచ్చి చూశాయి. ఇంకో రెండు రోజులకు ఆ చెవి తెగిన కోతి పెట్టె మీద కూర్చుని గాండ్రిస్తున్న స్పీకరును గోకడం మొదలుపెట్టింది.

నాకు అప్పుడర్థమైంది. ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం పూట బ్లాస్టింగ్ జరిగితే మా ఇంటి అల్మారాలో గ్లాసులు గలగలమంటాయి. ఆ చప్పుడు వింటూ పుట్టి పెరిగిన కోతులివి. పులి వీటికేం లెక్క? ఆ పులిని ఎప్పుడైనా చూస్తే కదా!

"నీ పులిని అవుతల వారెయ్యి" అంది అమ్మ. "అవి నాకొక్కదానికే భయపడ్తయ్. నేనేమో దినమంత మెట్లెక్కలేను."

ఆ మాటతోనే నాకు దారి దొరికింది. అమ్మ మళ్లీ కట్టె పట్టుకుని పైకి వెళ్లినప్పుడు, ఫోను చేతిలో పట్టుకుని వెనకే వెళ్లి ఆమె గొంతు రికార్డు చేశాను. కావాలని చెప్పించింది కాదు. నిజంగా, కోపంగా, ఆయాసపడుతూ తిట్టింది.

"ఓ దొంగ మొకపుదానా! మళ్లొచ్చినవా? సిగ్గు శరం లేదానే నీకు? మొన్ననే గదనే ఉరికిచ్చిన! దిగు! దిగుతవా, కట్టె తేవాల్నా? నీ నోట్ల మన్ను వడ, గా మిరపకాయలు నిన్నేం జేసినయే!"

పులిని తీసేసి దీన్ని పెట్టెలో పెట్టాను. మర్నాడు పొద్దున కోతులు గోడ దిగాయి. పెట్టె "ఓ దొంగ మొకపుదానా!" అంది. చెవి తెగిన కోతి ఒక్క గెంతులో పక్కింటి వాటర్ ట్యాంకు ఎక్కేసింది. అమ్మ వంటింట్లో పప్పు కలుపుతూనే ఉంది. పైన తన గొంతు తను విని, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నేను గింత గట్టిగ ఒర్లుతనా?" అని అడిగింది నన్ను.

"ఇంకా నేను సౌండు తగ్గించి పెట్టిన" అన్నాను.

ఒక్క ఇబ్బంది మాత్రం వచ్చింది. కేబుల్ సరిచేయడానికి డాబా ఎక్కిన మనిషి, నోట్లో మన్ను పడాలన్న శాపం విని, వణుకుతూ కిందికొచ్చాడు. "అమ్మా, నేనేం జేసిన? మీరే కదా ఫోన్ జేసి రమ్మన్నది!" అన్నాడు. అమ్మ అతనికి చాయ్ ఇచ్చి, పెట్టె సంగతి చెప్పి, మళ్లీ పైకి పంపింది. రెండోసారీ పెట్టె అతన్ని వదల్లేదు.

మా పక్కింట్లో ఖాలా ఉంటుంది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, చిన్నప్పటి నుంచీ ఆమెను అలాగే పిలుస్తాను. వాళ్లాయనకు మెకానిక్ షెడ్డు. ఆమె డాబా మీద అప్పడాలూ, సేమ్యాలూ ఎండబెట్టుకుంటుంది. మా ఇంటి నుంచి దూకిన కోతులన్నీ ఆమె ఇంట్లోనే దిగుతున్నాయని వచ్చింది. ఆమెకూ ఒక పెట్టె చేసిచ్చాను. మొదట అమ్మ గొంతే పెట్టాను. కోతులు అటు గోడ మీద ఒక్క క్షణం ఆగి ఆలోచించేవి, తర్వాత దిగేవి.

"బేటీ, మా ఇంటి బందర్లకు మీ అమ్మ జబాన్ ఎట్ల తెలుస్తది? వాటిని రోజూ కొట్టేది నేను గద!" అంది ఖాలా.

ఆమె అన్నదే నిజం. ఖాలాతోనే వాళ్ల దక్కనీ ఉర్దూలో తిట్టించి పెడితే, ఆ ఇంటి కోతులు ఖాలా గొంతుకే పరుగెత్తాయి. అంటే అవి పరుగెత్తేది చప్పుడుకు కాదు, ఆ చప్పుడు వెనక కట్టెతో వచ్చే మనిషిని గుర్తుపట్టి. నాకు ఈ సంగతి భలే నచ్చింది. ఇద్దరూ డాబాల మీద లేకుండానే, రెండు డాబాల మీద నుంచీ రెండు భాషల్లో తిట్లు వినిపిస్తుంటే, వీధిలో వెళ్లే కొత్తవాళ్లు ఇరుగుపొరుగు ఆడవాళ్లు కొట్లాడుకుంటున్నారని ఆగి చూసేవారు. మంగళవారం నాడు మాత్రం అమ్మ పెట్టె ఆపేసి, గోడ మీద అరటిపండ్లు పెట్టేది. "ఎంతైన దేవుని అంశ. ఓ దినం మర్యాద జేయాలె" అనేది.

ఖాలా కూతురు కరీంనగర్‌లో ఉంటుంది. పుట్టింటికి వచ్చినప్పుడు ఇదంతా వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టింది. అది ఎవరెవరి ఫోన్లు తిరిగిందో తెలియదు గానీ, హైదరాబాద్‌లో, మా మేనేజర్ సార్ వాళ్ల ఇంట్లో ఉన్న ఆయన భార్య ఫోనుకు చేరింది. ఆమె దాన్ని సార్‌కు పంపి, మన అపార్ట్‌మెంటుకూ ఇలాంటిది కావాలంది. వీడియో చివర డాబా మీద స్క్రూడ్రైవరుతో కూర్చుని ఉన్నది నేను.

సార్ నన్ను పిలిచి కుర్చీలో కూర్చోమన్నారు. చాయ్ తెప్పించారు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

"చాలా బాగుందమ్మా మన పెట్టె" అన్నారు.

"మన పెట్టా సార్?"

"మనదే కదా. నువ్వు మన కంపెనీ మనిషివి. తెలంగాణ అంతా కోతుల బాధే. గుళ్లు, హాస్టళ్లు, గెస్ట్‌హౌస్‌లు... హెడ్డాఫీసు వాళ్లు ఎప్పటి నుంచో కొత్త ఐటం ఏదైనా చూపించమంటున్నారు. వీడియో పంపాను. చాలా సంతోషించారు."

"సార్, అది నేను ఇంట్ల చేసుకున్నది. ఆదివారం. సామాను గూడ నాదే."

ఆయన సొరుగులోంచి నా కాగితాల కట్ట తీసి, ఒక పేజీ దగ్గర వేలు పెట్టి, తెలుగులో చెప్పారు. ఉద్యోగంలో ఉన్నంత కాలం, ఉద్యోగి ఒంటరిగా గానీ ఇతరులతో కలిసి గానీ, పని వేళల్లో గానీ మరెప్పుడైనా గానీ, కంపెనీలో గానీ మరెక్కడైనా గానీ, కనిపెట్టినది, తయారుచేసినది, మెరుగుపరిచినది, ఆలోచించినది ప్రతిదీ కంపెనీ సొత్తు. కింద నా సంతకం చెమటకు కాస్త అలుక్కుపోయి ఉంది.

"ఆలోచించింది గూడనా సార్?"

"అలాగే రాసి ఉందమ్మా. నాకూ అదే షరతు" అన్నారాయన. ఆయన ముఖంలో చెడ్డతనమేమీ లేదు. కంపెనీకి కొత్త ఐటం దొరికిందన్న ఆనందమే ఉంది. పెట్టెను తెచ్చి ఆఫీసులో అప్పగించమన్నారు.

స్కూటీ మీద ఇంటికి బయలుదేరాను. బొగ్గు లారీల వెనక దుమ్ములో వెళ్తుంటే, ఎండకు కాలిపోయే స్కూటీ సీటు కోసం ఒక ఉపాయం తట్టింది. వెంటనే ఉలిక్కిపడ్డాను. ఇప్పుడు తట్టిన ఈ ఆలోచన ఎవరిది? రోడ్డు మీదే తట్టింది కదా, ఇది కూడా వాళ్లదేనా? ఆ తర్వాత కొన్ని రోజులు ఏమీ ఆలోచించకుండా ఉండటానికి ప్రయత్నించాను. అది ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఒక రోజు నేను చేసిన టమాట చారు నోట్లో పెట్టుకుని అమ్మ మొహం చిట్లించింది.

"గిదేంది, గింత ఇంగువ ఏసినవు?"

"మెరుగుపరిచిన" అన్నాను. "కంపెనీకి ఇచ్చేద్దాం తియ్."

నవ్వుతూ అన్నానే గానీ లోపల మంటగానే ఉంది. చిన్నప్పుడు నాన్న పాత ట్రాన్సిస్టరు పాడైతే, నేనే విప్పి, మళ్లీ బిగించి, రెండు స్క్రూలు మిగిలిపోయినా పాడించాను. వస్తువుల మూతలు విప్పి చూడటం నాకు ఉద్యోగం రాకముందు నుంచీ ఉన్న బుద్ధి. జీతానికి రోజంతా పనిచేస్తాను, సరే. మిగిలిన ఆ బుద్ధిని కూడా జీతంతో పాటు రాయించుకున్నారంటే, నాకంటూ ఏం మిగిలినట్టు? ఉద్యోగం మానేద్దామా అంటే మా ఊళ్లో నేను చేయగల పని ఇంకోటి అంత సులువుగా దొరకదు. ఆ సెన్సార్ల పని నాకిష్టం కూడా.

విషయమంతా చెబితే అమ్మ ప్రశాంతంగా విన్నది.

"నువ్వు సంతకం వెట్టినవు. పెట్టె ఇయ్యి. మరి నా తిట్లో?"

"అవి గూడ పెట్టెలనే ఉన్నయ్ కదమ్మా."

"ఉంటే? నేనేమన్న సంతకం వెట్టిన్నా? నీ పెట్టె నీ కంపెనీది. నా నోరు నాది. మీ నాయినతోని కాపురం జేసినన్ని ఏండ్లు మీ నాయినే అడగలే దీన్ని, ఇప్పుడు కంపెనోళ్లు అడుగుతరా?"

నాన్న పేపరులోంచి తలెత్తి, "ఎవరికి బదిలీ అయింది?" అన్నాడు.

పెట్టె అప్పగించాను. నాలుగు రోజుల్లో హైదరాబాద్ నుంచి లా ఆఫీసర్ మేడం వచ్చింది. నాకన్నా చిన్నదే అయి ఉంటుంది. మాట మెత్తన. ఆమె కూడా అమ్మ చెప్పిందే చెప్పింది. పెట్టె కంపెనీదే కానీ, గొంతు బయటి మనిషిది కాబట్టి వాడుకోకూడదట. పైగా ఆ మాటలు గుళ్లలో, హాస్టళ్లలో వినిపిస్తే కంపెనీ పరువు పోతుందట. అందుకని వాళ్లు హైదరాబాద్‌లో స్టూడియోలో ఒక యాంకరమ్మ చేత మర్యాదగా చెప్పించి తెచ్చారు. మా డాబా ఆఫీసు మీద పరీక్ష.

"ఈ గొంతుకు అవి పోవు సార్. తెలిసిన మనిషి గొంతయితేనే పోతయ్" అని మేనేజర్ సార్‌కు ముందే చెప్పాను.

"కోతులకు మనుషులతో పరిచయాలేంటమ్మా" అన్నారాయన.

నిజానికి మా ఆఫీసు వైపు కోతులు పెద్దగా వచ్చేవి కావు. పరీక్ష కోసం వాటిని రప్పించాలి కదా, సార్ అరటిపండ్ల గెల ఒకటి తెప్పించి డాబా మధ్యలో పెట్టించారు. మేమంతా మెట్ల గది తలుపు సందులోంచి చూస్తున్నాం. ఎక్కడి నుంచో ఒక గుంపు దిగింది. మా వీధి కోతులు కావు, ఇంకా పెద్దవి. పెట్టె మోగింది.

"గమనిక. ఈ ఆవరణలోకి ప్రవేశం లేదు. దయచేసి వెంటనే వెళ్లిపోండి. ధన్యవాదాలు."

గొంతు ఎంత తియ్యగా ఉందంటే, నాకే అక్కడ కాసేపు కూర్చోవాలనిపించింది. కోతులకూ అలాగే అనిపించినట్టుంది. ముందు రెండు, తర్వాత నాలుగు, పెట్టె ముందు వరసగా కూర్చుని అరటిపండ్లు ఒలుచుకోవడం మొదలుపెట్టాయి. అవి కదిలినప్పుడల్లా పెట్టె మళ్లీ మర్యాదగా చెప్పేది, చివర ధన్యవాదాలు తెలిపేది. ఒక పిల్ల కోతి తల్లి ఒడిలో నిద్రపోయింది. పండ్లు అయిపోయాక ఇంకేమున్నాయో చూద్దామని అవి మెట్ల గదివైపు వచ్చాయి. మేం తలుపు వేసుకుని కిందికి పరుగెత్తాం.

అసలు కష్టం మర్నాటి నుంచి మొదలైంది. ఆఫీసు డాబా మీద పండ్లు దొరుకుతాయన్న సంగతి కోతులకు తెలిసిపోయింది. రోజూ రాసాగాయి. షెడ్డులో మధ్యాహ్నం భోజనాలకు కూర్చుంటే రేకుల సందులోంచి చేతులు చాపేవి. మేనేజర్ సార్ టిఫిన్ డబ్బా మూత తీయడం వాటికి రెండో రోజుకే వచ్చేసింది. మా వెల్డరన్న హెల్మెట్ పెట్టుకుని అన్నం తిన్నాడు. లా ఆఫీసర్ మేడం పెట్టె సంగతి తేలేదాకా తిరిగి వెళ్లాల్సిన రైలు మానుకుని, గెస్ట్‌హౌస్ గదిలోంచి ఆఫీసుకు గొడుగు అడ్డం పెట్టుకుని వచ్చేది.

మేనేజర్ సార్ నా బల్ల దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగారు. "మీ అమ్మగారు ఒక్కసారి వస్తారా?"

అమ్మ వెంటనే రాలేదు. వడియాల పని ఉందంది. తర్వాతి రోజు ఉతికిన చీర కట్టుకుని, ఖాలాను తోడు తీసుకుని, ఆటోలో దిగింది. ఆటోలోంచి ముందు కట్టె దిగింది, తర్వాత అమ్మ దిగింది. సార్ ఎదురెళ్లి నమస్కారం పెట్టారు.

మోకాళ్ల మీద చేతులు వేసుకుంటూ డాబా ఎక్కి, అమ్మ మొదలుపెట్టింది. "ఓ దొంగ మొకపుదానా!" కోతులు తిరిగి చూశాయి. చూసి, మళ్లీ తమ పనిలో పడ్డాయి. అమ్మకు అవమానమైంది. కట్టెతో నేలను చరుస్తూ ముందుకు ఉరికింది. ఖాలా వెనక నుంచి దక్కనీలో అందుకుంది. అప్పుడు గానీ అవి గోడ ఎక్కలేదు.

అమ్మ ఆయాసపడుతూ మెట్ల మీద కూర్చుంది. "వీటికి నేను తెల్వది సారూ. కొన్ని దినాలు రోజు రావాలె, కట్టె జూపాలె, ఉరికిచ్చాలె. అప్పుడైతే నా గొంతు ఇంటే పోతయ్."

లా ఆఫీసర్ మేడం గొడుగు మడుస్తూ అడిగింది. "అంటే అమ్మా, ఈ పెట్టె కొన్న ప్రతి చోటికీ మీరు వెళ్లాలా?"

"పోత. బండి వెడ్తరా?" అంది అమ్మ. "కాని మంగళారం రాను."

మేనేజర్ సార్ కళ్లు మూసుకున్నారు. గుళ్లు, హాస్టళ్లు, గెస్ట్‌హౌస్‌లు అన్నీ ఆ రెప్పల వెనక ఒక్కొక్కటిగా ఆరిపోవడం నాకు కనిపించింది.

చాయ్ తాగడానికి కింద గదిలో కూర్చున్నాం. ఇదే సమయమనిపించి, నేను గొంతు సవరించుకుని అడిగాను.

"మేడం, పెట్టె సంగతి వదిలేయండి. ఆ షరతు మార్చండి. కంపెనీ పని మీద, కంపెనీ సామానుతో చేసింది కంపెనీకే. నేను కాదంటలేను. ఇంట్ల నా సామానుతోని, కంపెనీ పనికి సంబంధం లేకుండ చేసుకున్నది మాత్రం నాది కావాలె. లేకుంటే నేను ఇంట్ల ఒక బల్బు మార్చాలన్నా భయపడుతున్న."

"అది హెడ్డాఫీసు వాళ్లు అందరికీ పెట్టిన షరతు. నేను చేరకముందే ఉంది. ఎక్కడిదో సాఫ్ట్‌వేర్ కంపెనీ కాగితం చూసి రాసినట్టున్నారు" అంది ఆమె.

అమ్మ చాయ్ సాసరులో పోసుకుంటూ అడిగింది. "నువ్వు గూడ అదే కాయితం మీద సంతకం వెట్టినవా బిడ్డా?"

"పెట్టానమ్మా."

"డ్యూటీ అయినంక ఇంట్ల ఏం జేస్తవు?"

ఆమె మొదటిసారి నవ్వింది. "కేకులు చేస్తాను. మైదా లేకుండా, రాగిపిండితో, బెల్లంతో. చాలాసార్లు చెడగొట్టుకుని నేర్చుకున్నాను. మా అపార్ట్‌మెంట్లో అందరూ ఆర్డర్లు ఇస్తారు."

"మంచిగుంటయా?"

"చాలా బాగుంటాయి."

"మరి గవ్వి గూడ కంపెనీయేనా?"

మేడం చేతిలో కప్పు కింద పెట్టింది. మేనేజర్ సార్ కిటికీ బయటికి చూశారు. ఖాలా ఒక్కతే, "రాగి కేకు ఎట్ల చేస్తరు బేటీ? పొయ్యి మీద అయితదా?" అని అడిగింది. మేడం జవాబు చెప్పబోయి ఆగి, చెప్పొచ్చా లేదా అని ఆలోచించి, అది తన కేకే కదా అన్నట్టు తల ఎగరేసి, మొత్తం చెప్పేసింది.

ఆమె హైదరాబాద్ వెళ్లాక చాలా కాలం ఏ కబురూ రాలేదు. హెడ్డాఫీసులో ఏం జరిగిందో నాకు తెలియదు. ఆమె పోట్లాడిందని కొందరు, కోతుల సంగతి విని వాళ్లే నవ్వుకుని వదిలేశారని కొందరు అన్నారు. వానలు మొదలయ్యే వేళకు అందరికీ ఒక కొత్త పేజీ వచ్చింది. పని వేళల బయట, సొంత సామానుతో, కంపెనీ వ్యాపారానికి సంబంధం లేకుండా చేసుకున్నవి ఉద్యోగివేనని అందులో ఉంది. వెల్డరన్న దాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. ఆయన ఇంటి దగ్గర పాత సైకిల్ చక్రంతో జొన్నలు తూర్పారబట్టే మిషనొకటి చేసి, ఎవరికీ చెప్పకుండా గోనె పట్టాలు కప్పి దాచుకున్నాడట. ఆ సాయంత్రమే పట్టాలు తీసేశాడు.

పెట్టె కూడా తిరిగొచ్చింది. ఇంటికి తెచ్చి, అలవాటుగా డాబా మీద పెట్టి స్విచ్ వేశాను. కాసేపటికి అమ్మ కట్టె పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "మన బంగ్లా మీద ఎవర్తో ఉన్నది. దయచేసి దయచేసి అంటున్నది. ఎవరాయె?" యాంకరమ్మను తీసేయడం మర్చిపోయాను.

అమ్మ గొంతు మళ్లీ పెట్టాను. ఆ వానాకాలం ఎండ కాసిన రోజులన్నిట్లో బాగానే పనిచేసింది. తర్వాత మోకాళ్ల నొప్పి ఎక్కువై, దవాఖానకు తీసుకెళ్తే, మెట్లెక్కొద్దన్నారు. అమ్మ డాబా మీదికి వెళ్లడం మానేసింది. కొన్ని వారాలకే చెవి తెగిన కోతికి అనుమానం వచ్చింది. ఒక రోజు పెట్టె శాపనార్థాలు పెడుతుంటే గోడ మీదే కూర్చుని, మెట్ల వైపు చాలాసేపు చూసింది. కట్టె రాలేదు. దిగి, నేను ఆరబెట్టిన వడియాల దగ్గరికి వెళ్లింది.

ఇప్పుడు కట్టె పట్టుకుని నేనే వెళ్తున్నాను. పొద్దున డ్యూటీకి ముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి. నా గొంతు రికార్డు చేసి పెట్టాను కానీ, కోతులు ఇంకా నమ్మడం లేదు. అమ్మ కింద మంచం మీద కూర్చుని వింటుంది.

"గట్ల గాదు" అని అరుస్తుంది మెట్ల కింద నుంచి. "నువ్వు తిడుతలేవు, బతిమాలుతున్నవ్. కడుపుల నుంచి రావాలె!"

నేను ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెడతాను.